తొమ్మిదో పాటకు ఆవలింత

ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ. ఇప్పుడు రెండూ ఒక మోస్తరుగా ఉన్నాయి కాబట్టి ఆ వయసు గురించి నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. వేలూరులో టీ ఏ అంగడిలో తాగాలి, బిరియానీ కోసం ఆంబూరు దాకా పోవడం అవసరమా, గుడియాత్తం బస్సులో ఏ పక్క కూర్చుంటే ఎండ తగలదు, ప్రతిదానికీ నా దగ్గర తీర్పు సిద్ధంగా ఉండేది. ఎవరూ అడక్కపోయినా ఇచ్చేవాణ్ణి. అన్నిటికంటే ప్రాణం పెట్టి ఇచ్చిన తీర్పు మాత్రం ఒక రాక్ బ్యాండు మూడో ఆల్బంలోని తొమ్మిది పాటలకు నేను వేసిన వరస. (ముందే ఒక మాట. తెలుగు మా ఇంటి భాష. గుడియాత్తంలో మా వీధిలో తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, చదవగలిగినవాళ్లూ లేరు. నేను ఈ అక్షరాలు పెళ్లయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. అందుకని రాతలో ఎక్కడైనా తడబడితే పెద్ద మనసుతో దాటిపోండి.)

ఆ బ్యాండు పేరు చెప్పను. వాళ్ల అభిమానులు కొందరు ఇంకా వేలూరులోనే ఉన్నారు, నాకు వాళ్లతో పని పడుతూ ఉంటుంది. బెంగళూరు కుర్రాళ్లు నలుగురు. మొదటి రెండు ఆల్బంలలో చెవులు చిల్లులు పడేలా వాయించి మా గుండెల్లో గుడి కట్టించుకున్నారు. మూడోదానికి వచ్చేసరికి జుట్టు కత్తిరించుకుని, వయొలిన్ ఒకటి చేర్చుకుని, నెమ్మదిగా పాడటం మొదలుపెట్టారు. అంతే, ఊరు రెండుగా చీలింది. కోట ఎదురుగా మేము కూడే టీ అంగడిలో సగంమంది ‘మోసం’ అన్నారు, సగంమంది ‘ఎదిగారు’ అన్నారు. నేను మోసం పక్షం. నాతో గదిలో ఉండే సోడాబుడ్డి ఎదిగిన పక్షం. కనియంబాడి రైతుల పిల్లవాడు, నాతోపాటే ఒక చెప్పుల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. (ఆ పేరు వాడి కళ్లద్దాల మందాన్ని బట్టి వచ్చింది. ఇప్పుడు వాడు ఆపరేషన్ చేయించుకుని అద్దాలు తీసేశాడు గానీ పేరు మాత్రం ఎవరూ తీయలేదు.)

పాటలకు ఇంగ్లీషు పేర్లుండేవి. మేము వాటిని మా పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. మొదటిది ‘పిడుగు’, పాత పద్ధతిలో మిగిలిన ఒకే ఒక్క పాట. నా వరసలో దానికే పట్టాభిషేకం. నాలుగోది ‘గుర్రం’, డ్రమ్ములు దౌడు తీస్తాయి కాబట్టి రెండో స్థానం. ‘దోమ’ అని ఒకటుండేది, గిటారు చెవి దగ్గర గుయ్‌మంటూ తిరుగుతుంది, ఏదో జాలిపడి నడిమధ్యలో చోటిచ్చాను. అన్నిటికంటే కింద, అట్టడుగున, తొమ్మిదో పాట. దాని పేరు నా భాషలో ‘నిద్రమాత్ర’. సోడాబుడ్డికి అదే ప్రాణం. వాడి వరసలో అది మొదటిది. నా వరస వినగానే వాడు తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు.

“ఏమిరా, తొమ్మిదోదాన్ని కడాకు తోసినావా?”

“కడాకు కాకపోతే యాడ పెట్టేది? మొదలవతానే ఆవలింత వస్తా ఉండాది.”

“ఆవలింత నీ తప్పురా, పాట తప్పు కాదు. ఆ డ్రమ్ము ఎట్ల ఆగి ఆగి కొడతా ఉండాదో విన్నావా ఒగతూరైనా?”

“వాయించేవాడు గూడా నిద్రపోతా ఉండాడు, అందుకే ఆగి ఆగి కొడతా ఉండాడు.”

ఆ మాటకు అంగడిలో అందరూ నవ్వారు. సోడాబుడ్డి నవ్వలేదు. నేను అంతటితో ఊరుకోక, వాడి కళ్లముందే ఫోనులోంచి ఆ పాటను తీసేశాను, పెద్ద శత్రువును ఊరి పొలిమేర దాటించినంత దర్జాగా. ఆరోజు నుంచి మాకు మాటలు బంద్. ఒకే గది, ఒకే స్టవ్వు, ఒకే బకెట్టు. కానీ మాటల్లేవు. ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే కింద ఉండే ఇంటి ఓనరు అక్కతో చెప్పేవాళ్లం. “అక్కా, కొంతమంది గ్యాస్ అయిపోయినా చెప్పరు” అని నేను అంటే, “అక్కా, కొంతమందికి చెవులుండీ వినబడదు” అని వాడు అనేవాడు. ఆమె పాపం ఇద్దరికీ తలూపి, లోపలికి పోయి తలుపు వేసుకునేది.

ఇలా ఉండగా ఒకరోజు మా అమ్మ ఫోను. మా నాయన బోరింగు దగ్గర పాచి మీద కాలు జారి పడ్డాడు, కుడికాలి ఎముక చిట్లింది, మోకాలి దాకా కట్టు వేశారు. నేను వెంటనే బస్సెక్కాను. మామూలుగా ఆ బస్సులో చెవుల్లో పాటలు పెట్టుకుని, విరించిపురం వచ్చేలోపు ఆల్బం సగం పూర్తి చేసేవాణ్ణి. ఆరోజు ఏమీ వినబుద్ధి కాలేదు. ఇంట్లో అడుగుపెట్టేసరికి మా నాయన మంచం మీద కాలు దిండెక్కించి, పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు. ఇంట్లో అంతకంటే భయపెట్టింది ఇంకొకటి. మగ్గం మోగడం లేదు. నాకు తెలివి వచ్చినప్పటినుంచీ పగలు మా ఇంట్లో ఆ చప్పుడు ఆగి ఎరగను.

మాది గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ, తాడు లాగితే నూలు మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతుంది, ప్రతి పోగునూ పలకతో ముందుకు కొట్టాలి. నేసేది గళ్ల కైలీలు, అంటే లుంగీలు. నూలూ పడుగూ ఇచ్చి నేయించుకునే వ్యాపారిని మేము మొదలాళి అంటాం. ఆయన ఇచ్చిన పడుగు సగం నేసి సగం మగ్గం మీదే ఉంది. సోమవారం సరుకు లారీకి ఎక్కాలి. అప్పటికే ఆయన ఒక్కో మగ్గాన్నీ వదిలించుకుని పవర్‌లూముల వైపు జరుగుతున్నాడు. సగం పడుగు వెనక్కి పంపిన ఇంటికి ఆయన మళ్లీ పడుగు ఇచ్చింది లేదు, మా వీధిలో అలా ఆగిన మగ్గం మళ్లీ మోగిందీ లేదు. మా నాయనకు మగ్గం తప్ప ఇంకో ఊసు తెలియదు. అది ఆగిపోతే ఆయన ఏమైపోతాడో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

ఎవరినైనా పిలిచి కూర్చోబెట్టొచ్చు కదా అని మీరడగవచ్చు. కుదరదు. మాలో ఒక పట్టింపు ఉంది. ఒక పడుగు మగ్గం ఎక్కితే అది దిగేదాకా ఒకే చెయ్యి నేయాలి. ఒక్కొక్కరి దెబ్బ ఒక్కో తీరుగా ఉంటుంది. గట్టిగా కొట్టేవాడి చేతిలో గళ్లు అణిగిపోతాయి, మెల్లగా కొట్టేవాడి చేతిలో సాగుతాయి. చెయ్యి మారితే గుడ్డ మీద ఇట్టే తెలిసిపోతుంది.

“పక్కింటాయప్పను అడుగుదామా?” అంది అమ్మ.

“వాని దెబ్బ వేరే, నా దెబ్బ వేరే. మొదలాళి చెయ్యి పెడతానే కనుక్కుంటాడు.”

“అయితే నీ కొడుకును కూసోబెట్టు. వానిది నీ చెయ్యే కదా?”

నాయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. “వీనికి చెయ్యి యాడ ఉండాది? దినమంతా కంప్యూటర్‌ను తట్టేవాడు” అన్నాడు. అయినా వేరే దారి లేదు. బడి సెలవుల్లో నాకు నేర్పించింది ఆయనే. కంపెనీకి సెలవు చెప్పి, లుంగీ ఎగ్గట్టి గుంటలో దిగాను.

మొదటిరోజు చెయ్యి పడలేదు. ఆ నిశ్శబ్దంలో ధైర్యానికని ఫోనులో ఆల్బం పెట్టుకున్నాను. ఆ వయసులో నాకు దేనికైనా పాటే మందు. ‘పిడుగు’ మొదలవగానే చేతులు వాటంతటవే ఊపందుకున్నాయి. ఆహా, నేత ఇంత సులువా అనుకున్నాను. అవతల గదిలోంచి నాయన అరిచాడు.

“ఒరే, గుడ్డ నేస్తా ఉండావా, గోడ పగలగొడతా ఉండావా?”

‘గుర్రం’ వచ్చినప్పుడు “ఎవురన్నా తరుముతా ఉండారా నిన్ను?” అన్నాడు. ‘దోమ’ వచ్చినప్పుడు ఏమీ అనలేదు, ఆ చప్పుడు నిజంగా దోమదనుకుని తువ్వాలుతో విసురుకున్నాడని తరవాత అమ్మ చెప్పింది. ఆల్బం మళ్లీ మళ్లీ తిరిగి, మధ్యాహ్నానికి ఒక కైలీ పొడవు అయింది. అమ్మ మంచాన్ని గుమ్మం దాకా లాగితే, ఆయన మెడ సాచి మగ్గం మీది గుడ్డను చూశాడు. ‘పిడుగు’ వచ్చిన చోట గళ్లు అణిగిపోయి పలకల్లా ఉన్నాయి. నెమ్మది పాట వచ్చిన చోట సాగిపోయి పొడుగు కిటికీల్లా ఉన్నాయి. ఒక్కో పాటకూ నాలుగు వేళ్ల మేర ఒక్కో రకం. ఎనిమిది పాటలూ వరసగా, ఒకటి తర్వాత ఒకటి, గుడ్డ మీద కనబడుతున్నాయి. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “ఇంగ ఐపోయింది లే” అని గోడ వైపు తిరిగాడు. అలా ఆయన వీపు చూడటం నాకు అదే మొదలు. కళ్లు తుడుచుకుని పాట ఆపేశాను.

అన్నం తిన్నాక, ఏమనుకున్నాడో, నన్ను పిలిచి మంచం పట్టె మీద రెండు చేతులతో తట్టి చూపించాడు. “ఇట్ల కొట్టల్ల. లాగు, ఆగు, కొట్టు. ఆ ఆగేది ఉండాది చూడు, దాంట్లోనే ఉండాది అంతా.” టక్... డడక్. టక్... డడక్. నేను శ్రద్ధగా విన్నాను. విని, నోరంతా తెరిచి ఆవలించాను.

“ఏమిరా, మీ నాయన చెప్తా ఉంటే ఆవలిస్తావా?” అని అమ్మ కసిరింది. మళ్లీ తట్టాడు. మళ్లీ ఆవలింత, ఈసారి కళ్లలో నీళ్లొచ్చేంత పెద్దది. అమ్మ కసరడం మానేసి నవ్వడం మొదలుపెట్టింది. “చిన్నప్పుడూ ఇంతే వీడు. మగ్గం పక్కనే ఉయ్యాల కట్టినాము కదా. ఆయన కొడతా ఉంటే నిద్రపోయేవాడు, నిలిపినాడంటే లేసి ఏడ్చేవాడు. మీ నాయన సుస్తీగా ఉన్నా నీకోసరం ఊరికే కూసోని ఒట్టి పలక కొట్టేవాడప్పా, నూలు కూడా లేకుండా.”

ఆ సంగతి నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. నాయన మాత్రం “అవన్నీ ఇప్పుడెందుకు” అని విసుక్కున్నాడు. నేనేమో మంచం పట్టె వైపు నోరు తెరిచి చూస్తున్నాను, ఈసారి ఆవలింతకు కాదు. సరిగ్గా ఇదే ఆవలింత, ఇదే చోట, ఇదే ఆగడం దగ్గర నాకు ఇంకోదానికీ వస్తుంది. తొమ్మిదో పాట! లాగు, ఆగు, కొట్టు. నేను అట్టడుగుకు తోసి, ఫోనులోంచి ఊరు దాటించిన ‘నిద్రమాత్ర’లో ఉన్నది మా నాయన దెబ్బ. బెంగళూరులో ఆ డ్రమ్ములు కొట్టేవాడికి మా ఇంటి సంగతి తెలిసే దారి లేదు. తెలియాల్సింది నాకు, నాకే తెలియలేదు.

ఇక మిగిలింది సోడాబుడ్డికి ఫోను చెయ్యడం. పెరట్లోకి పోయి, అమ్మకు వినబడకుండా చేశాను. “ఆ తొమ్మిదో పాట ఉంటే కొంచెం పంపుతావా?” అవతలి నుంచి వాడి గొంతు: “ఎవురు మాట్లాడేది? ఇంటి ఓనరక్కతో చెప్పి పంపించు.” నేను జరిగిందంతా చెప్పాను. కాలు, పడుగు, సోమవారం, ఉయ్యాల. వాడు వేళాకోళం ఆపేశాడు. “ఫోనులో పంపేది లేదప్పా. నేనే వస్తా ఉండా” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చినవాడి చంకలో గది నుంచి మోసుకొచ్చిన స్పీకరు, ఇంకో చేతిలో మా నాయనకని బత్తాయిలు, ముఖం నిండా గెలిచినవాడి వెలుగు. “దండం మామా, కాలు ఎట్ల ఉండాది? మీ వాడు పాటను యాడ పారేసుకున్నాడో, తెచ్చి ఇద్దామని వచ్చినా” అన్నాడు. స్పీకరు మగ్గం పక్క పెట్టి తొమ్మిదో పాట పెట్టాడు. నేను కాళ్లు చెక్కల మీద ఉంచి, ఆ డ్రమ్ముతోపాటు లాగాను, ఆగాను, కొట్టాను. మొదట ఒకటి రెండు గళ్లు అటూ ఇటూ అయ్యాయి. ఆ తర్వాత కుదిరింది. పక్కగదిలో మంచం కిర్రుమంది. నాయన కూర్చోవడానికి ప్రయత్నిస్తున్నాడు. “ఇది నేను కదా?” అన్నాడు అమ్మతో, అనుమానంగా. అమ్మ గుడ్డ మీద పాత గడిని కొత్త గడితో పక్కపక్కన చేత్తో కొలిచి చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఒక్కటే చిక్కు. ఆ పాట వస్తే గుడ్డ బాగా వస్తుంది, నాకు నిద్ర అంతకంటే బాగా వస్తుంది. పలక పట్టుకునే తల వాల్చేసేవాణ్ణి. దానికి సోడాబుడ్డి కాపలా. ఒక చేత్తో అమ్మకు నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడంలో సాయం చేస్తూ (వాడు చుట్టిన కండెలన్నీ అమ్మ రహస్యంగా విప్పి మళ్లీ చుట్టేది), ఇంకో చేత్తో గొడుగు కర్ర పట్టుకుని, నా కళ్లు మూతపడినప్పుడల్లా డొక్కలో పొడిచేవాడు. “కడాకు తోసినావు కదా, అనుభవించు” అనేవాడు ప్రతి పోటుకూ. సోమవారం దాకా మా వీధి మొత్తానికీ ఆ ఒక్క పాటే. ఎదురింటి అవ్వ వచ్చి “ఏమప్పా, ఇంట్లో ఏమన్నా జరిగిందా, ఒగే పాట పెట్టినారు?” అని పరామర్శించి పోయింది. సెలవు పెట్టి, పొలం పని వదిలి, ముందురోజు దాకా పలకరింపే లేని నాకోసం వాడు గొడుగు కర్ర పట్టుకుని కూర్చున్నాడు. ఆ పోట్లకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

సోమవారం మొదలాళి వచ్చాడు. గుడ్డ మడత విప్పి, కళ్లు మూసుకుని అరచెయ్యి దాని మీద మెల్లగా నడిపించుకుంటూ పోయాడు. మేము ముగ్గురం ఆ చేతినే చూస్తున్నాం, సోడాబుడ్డి మాత్రం అలవాటుగా గొడుగు కర్ర నా వైపే పట్టుకున్నాడు. చివరిదాకా పోయి ఆయన కళ్లు తెరిచి నాయన కట్టు వైపు చూశాడు.

“ఏమప్పా, ఈ కాలుతో ఎట్ల నేసినావు?”

“చెయ్యి నాదే” అన్నాడు నాయన.

“కాలు?”

“కాళ్లు మావానివి.”

మొదలాళి నన్నూ గుడ్డనూ మార్చి మార్చి చూసి నవ్వాడు. “సరి, చెయ్యి నీదే” అని, వెంట వచ్చిన మనిషితో కొత్త పడుగు లోపల దించమన్నాడు. ‘వీనికి చెయ్యి యాడ ఉండాది’ అన్న నోటితోనే నాయన ‘నాదే’ అన్నాడు. నాకు అంతకంటే పెద్ద మెప్పు ఆ తర్వాత ఏ ఆఫీసులోనూ దొరకలేదు.

మొదలాళి పోగానే సోడాబుడ్డి ఇక ఆగలేకపోయాడు. నేను అప్పటికే లొంగిపోయాను, తొమ్మిదో పాటకే మొదటి స్థానం అని ఒప్పేసుకున్నాను. కానీ వాడికి పెద్దల ముద్ర కూడా కావలసివచ్చింది. మంచం దగ్గర చేరి, “మామా, మీరు అన్నీ విన్నారు కదా. దాంట్లో ఫస్టు ఏది, చెప్పండి” అన్నాడు, నన్ను ఓరకంట చూస్తూ.

నాయన ఆలోచించనేలేదు. “ఆ మొదుట్లోది బాగుండాదప్పా. గోడ పగలగొట్టేది. ఇంగోతూరి పెట్టు.”

“పిడుగా?” సోడాబుడ్డి అద్దాలు జారి ముక్కు చివరికి వచ్చాయి. “మరి ఈ తొమ్మిదోది? మీ దెబ్బే కదా మామా ఇది!”

“నా దెబ్బే. దినామూ నేను కొట్టేదే కదా. దాన్ని మళ్లా పాటని వినేదేమిటికి?” అన్నాడు నాయన.

అమ్మ నవ్వు వీధిలోకి వినబడింది. సోడాబుడ్డి పాపం తానే లేచి పోయి ‘పిడుగు’ పెట్టాడు. నాయన కట్టు వేసిన కాలు దిండు మీద, మిగిలిన కాలు గాల్లో, తల ఊపుతూ పాటంతా విన్నాడు. నేను తొమ్మిదో పాట వైపు ఫిరాయించిన రోజే, నేను వదిలేసిన పక్షంలో ఆయన చేరాడు. ఆ మాట ఆ తర్వాత టీ అంగడిలో చెబితే మోసం పక్షంవాళ్లు ఆయనకు సన్మానం చేస్తామన్నారు.

మొదటిరోజు చెడగొట్టిన కైలీని ముందే కోసి పక్కన పెట్టాం, మొదలాళికి ఇవ్వలేదు. మూలన పడేద్దామని నేనంటే నాయన ఒప్పుకోలేదు. “ఎనిమిది పాటలు ఉండాయి దాంట్లో, పారేస్తావా?” అని తానే కట్టుకున్నాడు. పండక్కీ కట్టుకున్నాడు, పెళ్లిళ్లకు పోయినా దాన్నే కట్టుకుపోయాడు. ఎవరైనా ఈ గళ్లేమిటి ఇట్లా ఉన్నాయని అడిగితే, కుచ్చిళ్ల దగ్గర అణిగిన గళ్లు వేలితో చూపించి “ఇది పిడుగు” అనేవాడు గర్వంగా. ఇప్పటికీ ఆయన నేస్తూనే ఉన్నాడు, కొంచెం తక్కువగా. ఆ కైలీ ఉతికి ఉతికి మెత్తబడి నా దగ్గరికి చేరింది. వేలూరు ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం నేను కట్టుకునేది అదే.

ఎవరైనా పాటలకు వరస చెప్పమంటే ఇప్పుడు నవ్వి ఊరుకుంటాను. ఆవలింత వచ్చిందని ఒక పాటను ఊరు దాటించిన ఆ ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి తలుచుకుంటే ముద్దొస్తాడు. వాడికి నచ్చనిదేదో వాడికి బాగా తెలుసు, తనను నిద్రపుచ్చిందెవరో మాత్రం తెలియదు. ఆదివారం భోజనమయ్యాక ఆ మెత్తని కైలీ కట్టుకుని, తొమ్మిదో పాట పెట్టుకుని, ఈసారి కళ్లు తెరుచుకుని చివరిదాకా విని తీరాలని గట్టిగా అనుకుని పడుకుంటాను. లాగు, ఆగు, కొట్టు. పక్కన గొడుగు కర్ర పట్టుకున్నవాడు లేడు. పాట చివర్లో వయొలిన్ వచ్చే చోటికి, ఆ పోటు లేకుండా, నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా చేరలేదు.